టార్చిలైట్ బండి

లైటు ఆర్పేశాడు ఎల్లారావు.

చీకటి!

ఆటోనగర్ మొత్తానికి కరెంటు పోయింది. ఏ షెడ్డులోనూ బల్బు లేదు. వెల్డింగ్ మెరుపు లేదు. సుత్తి దెబ్బ లేదు.

వెనకాల జీపు వస్తోంది. దాని వెలుగు లారీ బాడీల మీద పాకుతోంది. గోడ ఎక్కి, దిగి... తన వైపే తిరుగుతోంది!

పిడి తిప్పాడు. ఆటో కదిలింది. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. టైర్ల కింద కంకర నలగడం ఒక్కటే వినిపిస్తోంది.

"మావా... ఎడమకి!" వెనక సీట్లోంచి అంది భార్య కనకరత్నం.

"తెలుసే!"

"తెలిత్తే తిప్పవేటి?"

తిప్పాడు. పాత టైర్ల గుట్టకీ, బాడీ విప్పేసిన బస్సు చట్రానికీ మధ్య సందులోకి దూర్చి బ్రేకు తొక్కాడు.

జీపు సందు మొదట్లో ఆగింది. దాని వెనకే ఒక ఆటో కూడా వచ్చి ఆగింది.

"ఇంజన్లు ఆపండ్రా!"

ఆ గొంతు ఎల్లారావుకి తెలుసు. సాయిశంకర్... గురునాథరావు మేనల్లుడు.

గాజువాకలో ఆటో తిరగాలంటే గురునాథరావు డ్రమ్ములోంచే తాగాలి. అది రేషను కిరసనాయిలు కలిపిన పెట్రోలు. నీలంగా ఉంటుంది. అది తాగి బండి దగ్గుతుంది. పదేళ్లు తోలాక తోలేవాడూ దగ్గుతాడు. ఎల్లారావు దగ్గు ఆ డ్రమ్ములోదే. వద్దని వేరేచోట పోయించుకుంటే, తెల్లారేసరికి ఆ బండి బొగ్గయి కనబడుతుంది.

కానీ అసలు ఏమీ తాగని బండి ఒకటి రోడ్డెక్కితే?

కనకరత్నం మోటార్లు చుట్టే షెడ్డులో పనిచేస్తుంది. మాడిపోయిన మోటారు విప్పి, కొత్త రాగితీగ చుట్టి, మళ్లీ తిప్పుతుంది. తుక్కులో దొరికిన మోటారు ఒకటి, లారీల్లోంచి పీకేసిన బ్యాటరీలు కొన్ని కూడబెట్టింది. ఆటోలోంచి ఇంజను తీయించి అక్కడ మోటారు పెట్టింది. సీటు కింద బ్యాటరీలు పేర్చింది. స్టాండులో అందరూ పడీ పడీ నవ్వారు.

"టార్చిలైట్ బండి!" అన్నారు. "సెల్లు అయిపోతే ఏటి సేత్తావు బావా?"

ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ ఉక్కునగరం వాళ్లు మాత్రం నవ్వలేదు. తమ సెక్టార్లలో తిప్పడానికి పొగలేని బండి కావాలి వాళ్లకి. రేపు పొద్దున్న ట్రయల్. నెగ్గితే ఇలాంటివే ఇంకా కట్టమంటారు. ఈ రాత్రే బండిని గేటు దాటించి లోపల పెట్టేయాలి. అక్కడ తుపాకుల కాపలా ఉంటుంది. గురునాథరావు చెయ్యి అక్కడిదాకా పోదు.

కానీ ఛార్జింగులో ఉండగానే కరెంటు పోయింది. సగమే ఎక్కింది.

అంతలో జీపు వచ్చింది!

సందు మొదట్లో సాయిశంకర్ చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఏమీ వినపడక కాలితో ఒక రేకు తన్నాడు.

"ఒరేయ్ అర్జునా! వాడి బండి ఎలాంటి సౌండు చేస్తుంది?"

"ఏ సౌండూ సెయ్యదండి బాబూ. అదే కదండీ గోల!"

కనకరత్నం ఊపిరి బిగబట్టింది. ఆ మాటన్నవాడు ఆమె తమ్ముడు అర్జునరావు. గురునాథరావు సరుకు మోసే ఆటో వాడిదే. పిలిస్తే రావాలి. రాకపోతే బండి ఉండదు.

"సిగ్గులేని గుంటడు..." పళ్లు నూరింది ఆమె.

"నోరు ముయ్యే!"

పిడిని వెంట్రుకవాసి తిప్పాడు ఎల్లారావు. ఆటో పిల్లిలా ముందుకి పాకింది. బస్సు చట్రానికి అవతల సాయిశంకర్, ఇవతల తను. చెయ్యి చాపితే వాడి చొక్కా అందుతుంది!

వాడు అటే చూస్తున్నాడు. చెవులు రిక్కించి... ఇంజను చప్పుడు కోసం!

దాటేశాడు. ఇంకొంచెం... ఇంకొంచెం...

ధడ్!

ముందు చక్రం ఇనుప పట్టీ ఎక్కి దిగింది. సీటు కింద బ్యాటరీలు ఎగిరి పడ్డాయి. తీగ బిగింపు వదులైంది.

చిటపట!

నీలం మెరుపు! ఆ వెలుగులో కనకరత్నం మొహం, పైకప్పు, పక్కనున్న టైర్ల గుట్ట... అన్నీ పగలులా కనిపించాయి.

"అదిగో! పట్టుకోండ్రా!"

"తోలు మావా! తోలు!"

తోలాడు. బండి ఒక్క ఊపు ఊపి ఆగిపోయింది.

"ఏటైంది?"

"తీగ ఊడింది! ఉండు!"

చీర చెంగు చేతికి చుట్టుకుంది. సీటు కిందకి వంగి, బిగింపు పట్టుకుని గట్టిగా నొక్కింది. మళ్లీ చిటపట! బండి దూకింది!

"వదలకే!"

"నా సెయ్యి నాను సూసుకుంటాను. నీ ముందు నువ్వు సూసుకో!"

సందు తర్వాత సందు. మలుపు. గేదె! తప్పించాడు. మళ్లీ మలుపు. జీపు రొద వీపు మీద పడుతోంది. బరువు బ్యాటరీలు... మలుపు తిప్పినప్పుడల్లా బండి పక్కకి ఒరుగుతోంది. పాత ఆటో అయితే ఈపాటికి ఎగిరిపోయేది. ఇది ఎగరదు. ఈడ్చుకుంటూ పోతుంది.

ఎదురుగా రెండు ఇనుప గొట్టాల గుట్టలు. మధ్యలో ఆటో పట్టేంత దారి.

పట్టేంతేనా?

దూర్చేశాడు! రెండు పక్కలా రేకు గీసుకుని నిప్పులు రేగాయి.

వెనకాల... ధబేల్! జీపు ఇరుక్కుంది.

"హుష్..." అన్నాడు ఎల్లారావు.

"హుష్ కాదు. ఎనక్కి సూడు!"

అద్దంలో చూశాడు. సాయిశంకర్ జీపులోంచి దూకాడు. అర్జునరావు ఆటో పక్కసందు చుట్టి వచ్చింది. అందులోకి ఎక్కాడు. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో పొడుగ్గా ఏదో...

తుపాకీ!

హైవే ఎక్కాడు ఎల్లారావు. ఇక్కడ దాక్కునే చోటు లేదు. లారీల వెలుగు మొహం మీద కొడుతోంది. పక్కన పోయే లారీ క్లీనరు కిందకి చూసి అరిచాడు.

"ఏం బావా, ఇంజను ఇంటికాడ మర్సిపోనావా?"

జవాబు చెప్పే టైము లేదు. హేండిల్ పక్కన బిగించిన మీటరు వంక చూశాడు. ముల్లు సగం కంటే కిందకి దిగింది. పిడి గట్టిగా తిప్పితే ఇంకా కిందకి పోతోంది. తగ్గిస్తే కాస్త లేస్తోంది. తగ్గిస్తే వాళ్లు అందుకుంటారు. తిప్పితే బండి ఆగిపోతుంది.

తిప్పాడు!

"మావా..."

"ఏటి?"

"కాలు మండతంది. బేటరీ నీళ్లు ఒలికినట్టున్నాయి."

"ఆపనా? కడుగుదాం!"

"ఆపితే ఆ కాలితోటే తంతాను."

కూర్మన్నపాలెం జంక్షన్. ఎడమకి తిప్పాడు... కాదు, లారీ! బ్రేకు! లారీ హారన్ చెవులు పగలగొట్టింది. దాని వెనక టైరుకి చెయ్యంత దూరంలో దాటి, ఉక్కునగరం రోడ్డులో పడ్డాడు.

అదిగో... గేటు దీపాలు!

వాటి ముందు ఒక ఎత్తు. మామూలు ఆటోకి అది ఎత్తని కూడా తెలియదు. లారీ బ్యాటరీలు మోసే బండికి అది కొండ.

ముల్లు పడుతోంది. బండి నడక... మనిషి నడక... ముసలివాడి నడక...

ఆగిపోయింది.

ఎల్లారావు కిందకి దూకాడు. కమ్మీ పట్టుకుని తోశాడు. కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. దగ్గు ముంచుకొచ్చింది. ఆగకుండా దగ్గాడు.

వెనకాల ఆటో ఇంజను. ఆ చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాడు. డుగు డుగు డుగు... నీలం నూనె తాగిన దగ్గు. తనకీ ఆ బండికీ ఒకటే దగ్గు.

సీటు పక్కనున్న జాకీ రాడ్డు తీసుకున్నాడు. బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"రండ్రా! ఎవుడొత్తాడో రండి! ఆ డ్రమ్ము నీళ్లు ఇంక తాగను! నా బండీ తాగదు!"

అర్జునరావు ఆటో నెమ్మదించింది. హెడ్‌లైట్ కళ్లలో పడింది.

"ఏటి బావా," అర్జునరావు గొంతు. "సెల్లు అయిపోనాయా?"

సాయిశంకర్ పెద్దగా నవ్వాడు. ఒళ్లో డబ్బా మూత తీసి ఉంది. పెట్రోలు వాసన గుప్పుమంది. "దగ్గరగా పోనీ రా. పోసి, అంటించి పోదాం. పెళ్లాన్ని దిగమను ఎల్లారావ్. పాపం నాకెందుకు?"

"నాను దిగను," అంది కనకరత్నం. "నువ్వే దిగు, మొగోడివైతే!"

అర్జునరావు ఆటో దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకి...

అందులోంచి ఒక కాలు బయటికి వచ్చింది.

ఎల్లారావుకి అర్థమైపోయింది. రోడ్డు మీద ఆగిన ఆటోని ఇంకో ఆటోవాడు వదిలిపోడు. తన కాలు చాచి దాని వెనక ఆనించి, తన బండి నడుపుతూనే షెడ్డుదాకా తోసుకెళ్తాడు. పొద్దున్న స్టాండులో చొక్కాలు చింపుకున్నవాళ్లయినా సరే.

"ఎక్కు బావా! హేండిల్ పట్టుకో!"

ఎల్లారావు ఎగిరి సీట్లో పడ్డాడు. వెనక అర్జునరావు కాలు ఆనింది. ఇంజను అరిచింది.

టార్చిలైట్ బండి కదిలింది!

"ఏం చేస్తున్నావ్ రా?" సాయిశంకర్ అరుపు.

"తోత్తన్నాను బాబూ."

"ఆపు!"

"ఆపను బాబూ."

తుపాకీ గొట్టం అర్జునరావు మెడకి ఆనింది. అద్దంలో చూస్తున్నాడు ఎల్లారావు.

"కాల్చేస్తా!"

"కాల్చండి. బండి మీమీదే తిరగబడద్ది. నాకేటి?"

ఎత్తు సగం అయింది. ముప్పావు అయింది.

"ఒరే తమ్ముడూ!" కనకరత్నం గొంతు పగిలింది. "కాలు తియ్యకురా!"

"తియ్యనప్పా! నీ మీదొట్టు!"

గొట్టం మెడ మీదనుంచి లేచింది. సాయిశంకర్ బయటికి వంగాడు. ముందు బండి వెనక భాగానికి... కిందకి... గురిపెట్టాడు.

ఆ చోటు ఎల్లారావుకి తెలుసు. ఆటోలో పెట్రోలు ట్యాంకు ఉండే చోటు అదే! వీడు ఎన్ని ఆటోలు తగలబెట్టాడో... చేతికి అలవాటైన గురి!

"రత్నం! దూకే!"

ఢాం!!

బండి వణికింది. ఎల్లారావు కళ్లు మూసుకున్నాడు. వీపుకి సెగ తగలడం కోసం ఎదురుచూశాడు.

తగల్లేదు.

చిల్లు పడిన రేకు గలగలమంది. అంతే!

"ఏంటి... అంటుకోలేదేంటి?" సాయిశంకర్ గొంతులో పిచ్చి ఆశ్చర్యం.

"అంటుకోడానికి ఏటుందిరా అందులో?" కనకరత్నం అరిచింది.

అప్పుడు అంటుకుంది!

ముందు బండి కాదు... వెనక బండి! నాటు తుపాకీ కక్కిన నిప్పురవ్వ మూత తీసిన డబ్బాలో పడింది. భగ్గుమంది! సాయిశంకర్ కేకవేసి రోడ్డు మీదకి దొర్లాడు. తుపాకీ ఒక పక్క, తను ఒక పక్క. అర్జునరావు ఒక్క గెంతు గెంతి, ముందు బండి కమ్మీ పట్టుకుని వేలాడాడు. తోలేవాడు లేని ఆటో మండుతూ పక్కకి పోయి కాలవలో పడింది.

"నా బండి బావా..." అన్నాడు అర్జునరావు.

"దిగి తోయరా. ఏడుపు తరవాత."

అర్జునరావు దిగి తోశాడు. ఎత్తు అయిపోయింది. గేటు ఇరవై అడుగుల్లో ఉంది. తోసిన ఊపు మీద బండి దొర్లింది. నెమ్మదించింది. గేటు కడ్డీ ముందు... ఆగిపోయింది.

ఈలలు! పరుగులు! పెద్ద లైటు ఒకటి మొహాల మీద పడింది.

"రుకో! హాథ్ ఊపర్!"

రెండు రైఫిళ్లు... ఎల్లారావు ఛాతీకి గురిపెట్టి!

ఇంకో ఇద్దరు జవాన్లు రోడ్డు మీద దొర్లుతున్న సాయిశంకర్ని పట్టుకుని లాగుతున్నారు. ఎల్లారావు చేతులెత్తాడు. అర్జునరావు ఎత్తాడు. కనకరత్నం ఎత్తలేదు. ఆమె చెయ్యి సీటు కింద తీగ బిగింపు మీదే ఉంది.

"రేపు ట్రయల్ బాబూ! బేటరీ బండి! గేటు కాడ పేరు రాసుకున్నారు!" అంది.

జవాను, గేటు పుస్తకం చూసొచ్చిన తోటివాడి వంక చూశాడు. అతను తలూపాడు. కడ్డీ లేచింది. అయినా తుపాకీ దిగలేదు. బండి సోదా చెయ్యాలట.

"తలాషీ లేనీ హై. గాడీ బంద్ కరో!"

"బందే ఉంది బాబూ! సప్పుడు ఇనబడతందేటి?"

జవాను తల ఒక పక్కకి వంచాడు. చెవి ఒగ్గాడు.

చప్పుడు లేదు.

ఎల్లారావు మీటరు వంక చూశాడు. అర్జునరావు తోసినంతసేపూ ఊపిరి పీల్చుకున్న బ్యాటరీలు... ముల్లు కొంచెం లేచింది. గోరంత!

ఎత్తిన చేతుల్లో ఒకటి మెల్లగా దించాడు. పిడి మీద వేశాడు.

తిప్పాడు.

ఆగి ఉన్న బండి, రెండు రైఫిళ్ల మధ్య నుంచి, చప్పుడు లేకుండా గేటు దాటిపోయింది!