జంట సైకిలుకు బొట్టు

ఆదివారం పొద్దున్నే సుగుణ వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టే వేళకే ఆమె భర్త వెంకట్రాం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిగతా రోజుల్లో ఎంత లేపినా లేవని మనిషి. ఆదివారం మాత్రం ఎవరూ లేపనక్కర్లేదు, గోడ తడుముకుంటూ తనే వచ్చి రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటాడు. చూపు పోయిన మనిషికి రోడ్డు మీద ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. ఆయన కూర్చునేది వినడానికి.

కాసేపటికి బస్టాండు వైపు నుంచి సైకిళ్ళు వచ్చాయి. ముందు రాజేశ్ సైకిలు, దాని వెనక మడ్‌గార్డు గలగలలాడించుకుంటూ దినేశ్‌ది, తర్వాత మిగతావాళ్ళవి. అంతదాకా నవ్వుకుంటూ వస్తున్న వాళ్ళు ఈ ఇంటి గేటు దగ్గరికి రాగానే మాటలు ఆపేశారు. ఒక్కడూ బెల్లు కొట్టలేదు. చావింటి ముందు నుంచి పోయినట్టు మెల్లగా దాటిపోయారు.

"రాజేశ్ గాడు చైన్‌కు నూనె పెట్టలే," అన్నాడు వెంకట్రాం. తర్వాత, నిన్న ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగాడు. ఎవరూ చేయలేదంది సుగుణ, ముగ్గు మీద నుంచి తల ఎత్తకుండా.

అది పచ్చి అబద్ధం. రాజేశ్ నిన్న సాయంత్రం కూడా చేశాడు. అన్న ఎట్లున్నాడని అడిగితే, బాగానే ఉన్నాడు, పడుకున్నాడు అని చెప్పి పెట్టేసింది. అప్పుడు అన్న వరండాలో కూర్చుని రేడియో వింటున్నాడు.

ఈ సైకిళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. రాజేశ్‌కు జనగామ స్టేషన్ రోడ్డులో సైకిల్ దుకాణం ఉంది. కంపెనీ సైకిలు కంపెనీ సైకిలులాగే అమ్మడం అతనికి చేతకాదు. టైలరులా టేపు పెట్టి కాళ్ళూ చేతులూ కొలుస్తాడు, ఒకదాని ఫ్రేము కోసి ఇంకోదాని హ్యాండిల్ బిగించి, మనిషికి తగ్గ బండి చేసిస్తాడు. ఆదివారం ఆ సైకిళ్ళన్నీ కలిసి ఊరి బయటికి పోతాయి. పందేలు లేవు, పతకాలు లేవు. ఏదో ఒక చాయ్ హోటల్ దాకా పోవడం, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం, తిరిగి రావడం, అంతే. ఈ గుంపును మొదలుపెట్టింది వెంకట్రామే. కరెంటాఫీసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి ఆదివారం మాత్రం నోరు మూసేవాడు కాదట.

వాళ్ళకో పద్ధతి ఉంది. కొత్త సైకిలు ఎవరిదైనా సరే, ఆ ఇంటి ఆడమనిషి హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టందే రోడ్డు ఎక్కదు. ఓసారి దినేశ్ భార్య పుట్టింటికి పోతే ఆమె వచ్చేదాకా అతని కొత్త సైకిలు దుకాణంలోనే ఉండిపోయింది. సుగుణ తన భర్త సైకిళ్ళన్నిటికీ బొట్టు పెట్టింది. పెట్టి, గేటు దగ్గర నిలబడి, ఆ బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేది. అంతకుమించి ఆ సైకిళ్ళతో ఆమెకు సంబంధం లేదు.

తర్వాత ఆయనకు చూపు మందగించింది. కంటి నరం ఎండిపోయిందని హైదరాబాద్ దవాఖానలో చెప్పేసరికే ఆలస్యమైపోయింది. చూపు పూర్తిగా పోయాక మొదట్లో దోస్తులు ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు. వరండాలో కూర్చుని ఆ దారి ముచ్చట్లు, ఈ దారి ముచ్చట్లు చెప్పి నవ్వించేవాళ్ళు. వాళ్ళు పోగానే ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. సుగుణ కొన్నాళ్ళు చూసింది. ఒకరోజు రాజేశ్‌ను గేటు దగ్గర ఆపి, మిమ్మల్ని చూస్తే ఆయన పరేషాన్ అవుతున్నాడు, ఇక రావొద్దు, ఈ తొవ్వన పోయినా బెల్లు కొట్టొద్దు అంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆయనే చెప్పుమన్నడు," అని కూడా అనేసింది.

ఆ ఒక్క మాటతో రాజేశ్ మొహం పాలిపోయింది. సైకిలెక్కి పోయాడు. ఇక ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇదంతా భర్త మేలు కోసమే చేశానని సుగుణ గట్టిగా నమ్మింది. ఆ ఆదివారం కూడా అదే నమ్మకంతో ఉప్మా చేసి పెట్టింది. ఆకలి లేదన్నాడు ఆయన. హనుమకొండ నుంచి కూతురు రిషిత ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి ఇచ్చేశాడు. సుగుణ ప్లేటు తీస్తుండగా గేటు బయట సైకిళ్ళు ఆగిన చప్పుడైంది. వెంకట్రాం కుర్చీలో నిటారుగా అయ్యాడు.

పొద్దున దాటిపోయినవాళ్ళే తిరిగి వచ్చారు. దుకాణానికి పోయి ఇంకో బండిని తీసుకుని, తొక్కకుండా చేత్తో నడిపించుకుంటూ తెచ్చారు. అలాంటి సైకిలు సుగుణ ఎప్పుడూ చూడలేదు. రెండు సైకిళ్ళను కలిపి అతికించి ఒకటి చేశారు. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. ముందున్నవాడు దారి చూసుకుంటాడు, వెనకున్నవాడు తొక్కితే చాలు. వెనక హ్యాండిల్‌కు మెత్తటి తోలు చుట్టి, పెద్ద బెల్లు బిగించారు.

రాజేశ్ గేటు దాటలేదు. బయటే నిలబడి, ఆమె వైపు చూడలేక చూస్తూ అన్నాడు, "వదినె, కోపం చెయ్యకు. మేం వచ్చుడు అన్నకు ఇష్టం లేదని తెలుసు. అన్న కొలతలు నా కాడ ఉన్నయ్ గదా, ఉండబట్టలేక చేసిన. కొత్త బండి, నువ్వు బొట్టు పెట్టంది తొవ్వ ఎక్కియ్యరాదు. బొట్టు పెట్టు, అన్న వద్దంటే తీస్కపోత."

వరండాలోంచి వెంకట్రాం గొంతు మెల్లగా వచ్చింది. "నాకు ఇష్టం లేదని నీకు ఎవలు చెప్పిండ్రు, రాజేశ్?"

రాజేశ్ సుగుణ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. జవాబు ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచి రాకపోతే గుడ్డివాడికైనా అర్థమవుతుంది. మీరు కాసేపు బయటే ఉండండని వెంకట్రాం దోస్తులకు చెప్పి, ఆమెను దగ్గరికి పిలిచాడు.

మీ కోసమే చేశానని సుగుణ మొదలుపెట్టింది. మీరు అన్నం తినకుండా పడుకుంటే చూడలేకపోయానంది. వెంకట్రాం అంతా విన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె మీద గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచలేదు.

"ఏడిస్తే ఏడుద్దును. ఏడ్సి ఏడ్సి ఎన్నడో ఓనాడు ఊకుందును. నువ్వు నాకు గా ఏడుపు గూడ లేకుంట చేసినవ్. కండ్లు పోతే పోయినయ్ అనుకున్న సుగుణా. దోస్తులు గూడ గింతేనా అని, గీ కుర్సీల కూసోని రోజు సచ్చిన."

ఆ మాటకు ఆమె తలవంచి ఏడ్చి ఊరుకుంటే అక్కడికి అయిపోయేది. కానీ లోపల ఎన్నేళ్ళ నుంచో అణిగి ఉన్నది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"నేను ఎన్నేండ్ల సంది సస్తున్ననో మీరు ఎన్నడన్న అడిగిండ్రా? వారమంత ఆఫీసు. ఆదివారం సైకిల్. పిల్ల చదువుకు పోయింది, పెండ్లయి పోయింది. గీ ఇంట్ల గోడలతోని మాట్లాడిన నేను. బొట్టు పెట్టి తోలిచ్చుడే గని, నువ్వు గూడ రాయే అని ఒక్కనాడన్న అన్నరా?"

ఊపిరి తీసుకుంది. ఆగలేక తర్వాతి మాట కూడా అనేసింది.

"మీకు కండ్లు పోయినయని ఏడ్సిన. పిల్ల మీద ఒట్టు, ఏడ్సిన. కని ఆదివారం పొద్దుగాల మీరు ఇంట్ల ఉంటుంటే నాకు మంచిగనిపిచ్చింది. అందుకే వాళ్ళను రావద్దన్న. నేను గంత పాపిష్టిదాన్ని."

అన్నాక ఆమెకే భయమేసింది. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది తన మనసులో ఉందని ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ ఆయన మేలు అనుకున్నదానిలో సగం తన మేలేనని అప్పుడే తెలిసింది. వెంకట్రాం లేచి, గోడ పట్టుకుని నిలబడి, "బొట్టు పెట్టు," అన్నాడు.

సుగుణ పసుపు కుంకుమ తెచ్చి రెండు హ్యాండిళ్ళకూ పెట్టింది. రాజేశ్ ఆయనను వెనక సీటు మీద కూర్చోబెట్టి, వేలు పట్టుకుని బెల్లు చూపించాడు. ఆయన కొట్టాడు. అంతే, వెనకున్నవాళ్ళందరూ ఒక్కసారే కొట్టారు, వీధంతా మోగింది. దినేశ్ కళ్ళు తుడుచుకుంటూ, అది ఎవరికీ కనబడకుండా తన మడ్‌గార్డును తిట్టాడు. జంట సైకిలు కొంచెం అటూ ఇటూ ఊగి, సర్దుకుని, మలుపు తిరిగింది. పోయొస్తానని ఆయన చెప్పలేదు.

ఇల్లు చిన్నబోయింది. సుగుణ ఉప్మా గిన్నె మీద మూత పెట్టింది, మళ్ళీ తీసింది. రిషితకు ఫోన్ చేద్దామనుకుంది, చేసి ఏమని చెప్పాలో తెలియలేదు. చివరికి వరండాలోకి వచ్చి ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. రోడ్డు మీద ఏదో బండి పోయింది. ఎవరో ఎవరినో పిలిచారు. పాలవాడు పక్కింటి గేటు కొట్టాడు. ప్రతి చప్పుడూ వేరేవాళ్ళ ఇంటికే పోతున్నది. ఆయన వారం వారం ఇక్కడ కూర్చుని విన్నది ఇదేనా అనుకుంది. తనకూ ఆ ఒంటరితనం తెలుసు, తెలిసీ ఆయనకు అదే పెట్టింది. అప్పుడు ఏడ్చింది, ఎవరూ వినేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చింది.

ఫోన్ మోగింది. రాజేశ్ నంబరు. కానీ గొంతు ఆయనది.

"పాలకుర్తి తొవ్వల చాయ్ హోటల్ కాడ ఉన్నం. ఆటో ఎక్కి రా."

సుగుణ చెంపలు తుడుచుకుని, కోపం పోయిందా అని అడిగింది.

"పోలే. ఉన్నది. నువ్వైతే రా."

చీర కూడా మార్చుకోకుండా తాళం వేసి బయలుదేరింది. పాలకుర్తి ఆటోలో పత్తి చేలకు కూలికి పోయే ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ దారిన ఆమె పెళ్ళిళ్ళకూ చావులకూ బస్సులో పోయిందే తప్ప, చాయ్ తాగడానికి పోవడం ఇదే మొదలు.

రేకుల కప్పు కింద బెంచీ మీద వెంకట్రాం ఒక్కడే కూర్చున్నాడు. ఆమెను చూడగానే మిగతావాళ్ళు దినేశ్ సైకిలు బ్రేకు చూసే వంకతో అవతలికి పోయారు. అందరూ కలిసి చూడవలసినంత జబ్బు ఆ బ్రేకుకు ఏమీ లేదు. సుగుణ వచ్చి పక్కన కూర్చుంది. చాయ్ వచ్చింది. ఇద్దరూ తాగారు. నన్ను క్షమించండి అనబోయింది కానీ ఆ మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ వాడినది కాదు.

"అడగకపోవుడు నా తప్పే," అన్నాడు ఆయన. "నువ్వు రావనుకున్న. అడిగితే గదా తెలిసేది."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన, ఎదురుగా ఏమున్నదో చెప్పమన్నాడు. పొలం ఉందని, నాట్లు పడ్డాయని, కొంగలు వాలాయని చెప్పింది. ఇటుపక్క పత్తి ఉందంది. తర్వాత ఆయన చెయ్యి చాపి అడిగాడు, "మోరీ పక్కన పెద్ద చింతచెట్టు ఉండాలె. మేం ఎప్పుడు వచ్చినా దాని కిందనే సైకిళ్ళు పెడ్తుంటిమి. ఉందా?"

సుగుణ అటు చూసింది. రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ ఉంది. దాని పక్కన మొద్దు మాత్రమే మిగిలింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసి ఉంటారు. ఆయన మొహం అటే తిప్పి ఎదురుచూస్తున్నాడు. ఉందని ఒక్క మాట అంటే పోయేది, ఆయన ఎట్లాగూ చూడలేడు. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"లేదు," అంది. "కొట్టేసిండ్రు. మొద్దు ఉన్నది."

ఆయన గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బాధపెట్టానేమోనని సుగుణ ఆయన మొహంలోకి చూసింది.

"ఇందాక రాజేశ్‌ను అడిగితే, మంచిగ ఉన్నది అన్నా, కాయ గూడ కాసింది అన్నడు," అన్నాడు వెంకట్రాం. పెదవుల మీదికి నవ్వు వచ్చింది. "వాడు ముందల కూసోని తొక్కనీ. చూసి చెప్పేదానికి నువ్వే కావాలె. వచ్చే ఆదివారం గూడ వస్తవా?"

సుగుణ ఆయన చెయ్యి పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోలేదు.

"వస్త," అంది.