విన్నానన్న మాట

పొద్దున్నే ఆ ఇంట్లో వినిపించే మాటల్లో ముప్పాతిక వంతు ఒక్క నోట్లోంచి వచ్చేవే. పదో తరగతి చదువుతున్న మనవరాలిని నానమ్మ ముద్దుగా వాగుడుకాయ అనేది. ఆ పేరుకి న్యాయం చేయడంలో పిల్ల ఏనాడూ లోటు రానివ్వలేదు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేది.

"అమ్మా, మన పాత ఫోను అటక మీదే ఉందిగా? తీసివ్వవా? బళ్ళో మాకు ఇంకొకటి తక్కువైంది."

"అది పాడైపోయిందే."

"పాడైపోయినవే కావాలమ్మా! లోపలున్నదంతా పీకేసి, చిన్న పెట్టె అమర్చి, అందులో మాటలు నింపుతున్నాం. రిసీవరు ఎత్తితే చాలు, మన పేటలో ఉన్న ముసలివాళ్ళలో ఒకరు మాట్లాడతారు. విన్నవాళ్ళు తర్వాత వీలు చూసుకుని వాళ్ళింటికెళ్ళి పలకరించాలి. ఐడియా ఎవరిదో తెలుసా? నాదే!"

"చాల్లే. ముందు పాలు తాగు."

పిల్ల తల్లిని వీధంతా ఆపరేటరమ్మ అని పిలిచేది. పెద్దాసుపత్రిలో ఫోన్ల గదిలో ఉద్యోగం ఆవిడకి. ఫలానా మనిషి ఏ వార్డులో ఉన్నాడు, ఆపరేషను అయిందా, లోపలికి రానిస్తారా అని ఊరు ఊరంతా ఏడుస్తూ చేసే ఫోన్లకి ఆమె నెమ్మదిగా, తియ్యగా జవాబు చెప్పాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన ఊళ్ళో సగం మంది ఆమెకి చుట్టాలే. ఆ ఉద్యోగంలో ఒకే ఒక్క వెసులుబాటు ఉంది. అవతలివాళ్ళు తిట్లకి దిగితే "క్షమించండి" అని ఫోను పెట్టేయవచ్చు.

ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర మాటలు అడుగంటిపోయేవి. "తిన్నారా అత్తయ్యా?", "మందు వేసుకున్నారా?" అని అడిగేది. జవాబు వచ్చేలోపలే వంటింట్లోకి వెళ్ళిపోయేది. భర్త దూరపు బస్సుల డ్రైవరు. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన చేసే పని నిద్రపోవడమే. అత్తగారికి వేళకి అన్నం, వేళకి మందు, ఉతికిన దుప్పటి, వేడినీళ్ళు దేనికీ కొదవ లేదు. ఈ మాట కోడలే కాదు, ఇరుగుపొరుగు కూడా ఒప్పుకునేవారు. ఆ పేరు ఆపరేటరమ్మ ఏళ్ళ తరబడి నడుం విరిగేలా చాకిరీ చేసి సంపాదించుకున్నది. ఆమెకి ఉన్న ఆస్తి అదొక్కటే.

"నా చేత కూడా మాట్లాడించారే, అమ్మాయ్," అంది అత్తగారు కుర్చీలోంచి.

"మంచిదే అత్తయ్యా." ఆపరేటరమ్మ టిఫిను డబ్బా మూత బిగిస్తోంది.

"సాయంత్రం బళ్ళో పెడతారట. నువ్వు వెళ్తావుగా?"

"డ్యూటీ చూసుకుని వెళ్తాను."

"వెళ్ళు. వెళ్ళి విను," అంది ముసలామె. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అలా రెట్టించి అడగడం కోడలికి వింతగానే తోచింది. కానీ బస్సు వేళ అయిపోతోంది. వింతల గురించి ఆలోచించే తీరిక లేదు.

బడి హాల్లో బల్లల మీద రకరకాల ఫోన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని ముందు పిల్లలు రంగులతో రాసిన చీటీ ఒకటి. 'మేడ మీది తాతయ్య', 'పూలమొక్కల మామ్మ', 'టైలరు తాత' అని. జనం బానే వచ్చారు. ఒకరి వెనక ఒకరు నిలబడి, రిసీవరు చెవికి ఆనించుకుని, తమలో తామే నవ్వుకుంటున్నారు. వాగుడుకాయ హాలంతా తానే అయి తిరుగుతోంది. తల్లిని చూడగానే పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

'కుర్చీలో నానమ్మ' అన్న ఫోను దగ్గర మందుల షాపావిడ నిలబడి వింటోంది. రిసీవరు పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి ఆపరేటరమ్మని చూసింది. ఏదో అనబోయి, వెనకాల వరస చూసి, పక్కకి తప్పుకుంది. ఆ చూపేమిటో ఆపరేటరమ్మకి అర్థం కాలేదు.

రిసీవరు చేతిలోకి రాగానే ఆమె నోరు దానంతటదే పలికింది. "నమస్కారమండీ, చెప్పండి." పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. అంతలో చెవిలో అత్తగారి గొంతు మొదలైంది.

"ఏం చెప్పమంటావే? కోడలి గురించా? మంచిదే. వేళకింత ముద్ద పెడుతుంది. ముద్ద పెడుతుంది గానీ మాట పెట్టదు. పొద్దున లేచింది మొదలు గోడని చూస్తూ కూర్చుంటాను. ఈ కుర్చీతో మాట్లాడుకుంటాను. ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా..."

ఆపరేటరమ్మ రిసీవరు పెట్టేసింది. ఆలోచించి చేసిన పని కాదు. తిట్లు మొదలైతే పెట్టేయడం ఆ చేతికి అలవాటు. చెవిలో సీసం పోసినట్టయింది. ఇంత చాకిరీ చేయించుకుని, ఊరందరికీ వినిపించేలా డబ్బాలో పెట్టి మరీ తిట్టిపోస్తుందా? ఆ షాపావిడ చూపు ఏమిటో ఇప్పుడు తెలిసింది. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా తన మొహం వంకే చూస్తున్నట్టు అనిపించింది.

"అమ్మా, ఇంకా ఉంది. చివరిదాకా విను," అంటోంది కూతురు.

"పద ఇంటికి."

"ఇంకా అవలేదమ్మా, జనం..."

"ఆ ఫోను తీసుకుని పద."

అత్త మీద కోపం దుత్త మీద అని సామెత. ఆ సాయంత్రం దుత్త వంతు పిల్లకి వచ్చింది. ఇంటికొచ్చి, ముందుగది దాటి లోపలికెళ్ళగానే ఆపరేటరమ్మ సంచీ విసిరేసి నిలదీసింది.

"నా పరువు తీయడానికి నీకు బడి కావలసి వచ్చిందా? ఇల్లు చాలలేదా?"

"పరువేంటమ్మా! ఒక్కసారి పూర్తిగా..."

"విన్నది చాలు. ఎక్కడుంది అది? నీ ఫోనులోనా? కంప్యూటరులోనా?"

"రెండిట్లోనూ. అమ్మా, ఒక్క నిమిషం నేను చెప్పేది విను!"

"ఎక్కడ నొక్కితే పోతుందో చూపించు. రెండిట్లోనూ. బడి నుంచి తెచ్చిన ఈ పెట్టెలో కూడా."

"మాస్టారు దీన్నే ముందు పెట్టమన్నారు. మా క్లాసంతా కష్టపడ్డాం. నువ్వు సగం విని..."

"నోర్ముయ్! నీ వాగుడు విని విని నా తల పగిలిపోతోంది. పొద్దంతా ఊరి వాగుడు, సాయంత్రం నీ వాగుడు. తీస్తావా, బడి మానిపించనా?"

పిల్ల మొహం పాలిపోయింది. తల్లి చూస్తుండగానే ఒక్కోచోటా నొక్కుకుంటూ పోయింది. చివరిది పోయాక ఫోను బల్ల మీద పెట్టి, "పోయింది. ఇంక ఎక్కడా లేదు," అని తన గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది.

ముందుగదిలో అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. సాయంత్రపు వీధి రొదలో లోపలి గొడవ ఆ ముసలి చెవులకి ఎంతవరకు అందిందో తెలియదు. కోడలు పళ్ళెం తెచ్చి పక్కన పెట్టింది.

"వెళ్ళావా, అమ్మాయ్?"

"వెళ్ళాను."

"విన్నావా?" ఆ గొంతులో ఏదో ఆత్రం.

"విన్నాను అత్తయ్యా. బాగా విన్నాను," అని వెళ్ళిపోయింది కోడలు. ఆ 'బాగా'లో ఎంత కారం కూరాలో అంతా కూరింది. ముసలామె మాత్రం ఆ కారం పట్టించుకోలేదు. విన్నానన్న మాటొక్కటే ఆమెకి అందింది. పళ్ళెం ముట్టుకోకుండా, కోడలు మళ్ళీ వస్తుందేమోనని వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో నిశ్శబ్దానికి ముగ్గురు యజమానులయ్యారు. వాగుడుకాయ మౌనవ్రతం పట్టింది. అడిగితే ఆఁ, ఊఁ. బడిలో మిగతా ఫోన్లు పేట గ్రంథాలయానికి మారాయనీ, జనం ఇంకా వచ్చి వింటున్నారనీ ఆపరేటరమ్మకి బయటివాళ్ళ ద్వారా తెలిసింది. అత్తగారు మొదట్లో కోడలు దగ్గరికొచ్చినప్పుడల్లా తలెత్తి చూసేది. రానురాను అదీ మానేసింది. అన్నం కూడా తగ్గించేసింది. "ఊరంతా చాటింపు వేసుకుంది కదా, కడుపు నిండిపోయి ఉంటుంది," అనుకుంది కోడలు. అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది. అయినా అనుకోవడం మానలేదు.

సెలవు రోజున తలుపు తట్టిన చప్పుడైతే వెళ్ళి తీసింది. ఎదురుగా మందుల షాపావిడ. చేతిలో సంచీ, సంచీలో పళ్ళు.

"మీ అత్తగారిని ఓసారి పలకరిద్దామని వచ్చానండీ. వినగానే రావాలనుకున్నా, షాపు వదలడం కుదర్లేదు."

"ఊరందరికీ మా ఇంటి సంగతి తెలిసిపోయిందిగా. రండి, మీరూ పరామర్శించండి," అంది ఆపరేటరమ్మ. ఆసుపత్రిలో ఫోనెత్తే గొంతు కాదది.

షాపావిడ తెల్లబోయింది. "అదేంటండీ, అలా అంటారు? అంత చక్కగా మీ గురించి ఏ అత్తగారు చెబుతుంది? నాకు ఏడుపాగలేదు. మా అత్త బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి అలా అంటుందేమో అని చూశాను."

"మాట పెట్టదు అనడం చక్కగా చెప్పడమా?"

"అది ముందు మాట కదండీ! ఆ తర్వాత..." ఆవిడ ఆగి, ఆపరేటరమ్మ మొహంలోకి చూసింది. "మీరు వినలేదా?"

ఆపరేటరమ్మ తల అడ్డంగా ఊపింది. షాపావిడ గొంతు తగ్గించి, గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది.

"'దానికి మాటలెక్కడ మిగులుతాయే? పొద్దంతా ఊరి ఏడుపులు వినీ వినీ వస్తుంది. నిద్రలో కూడా వదలవు దాన్ని. కంగారు పడకండి, డాక్టరుగారు చూస్తున్నారు, అంటూ ఉంటుంది. పక్క గదిలో నాకు మెలకువే కదా. సరేనమ్మా, కంగారు పడను, అంటాను. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా, లేకపోతే అది అంటూనే ఉంటుంది. నేను అన్నాక పడుకుంటుంది. నా కోడలు నాతో మాట్లాడేది ఆ కాస్తే. అదే చాలు నాకు. కడుపున పుట్టిన పిల్లలు కూడా నన్నింత చూసుకోలేదు. ఈ సంగతి దానికి చెప్పాలని ఎన్నాళ్ళుగానో ఉంది. బళ్ళోకెళ్ళి వింటుందిలే.' ఇంచుమించు ఇదేనండీ. ఆవిడ చెప్పినట్టు నాకెక్కడ వస్తుంది?"

వచ్చినావిడ ముసలామె దగ్గర కాసేపు కూర్చుని, పళ్ళు ఒలిచి పెట్టి వెళ్ళింది. ఆ కాసేపూ ఆపరేటరమ్మ వంటింట్లో పొయ్యి ముందు ఊరికే నిలబడింది. పొయ్యి వెలిగించలేదు. ఆ తర్వాత కూతురి గది తలుపు తోసింది.

"ఆ మాటలు నిజంగా ఎక్కడా లేవా? మీ మాస్టారి దగ్గరైనా?"

పిల్ల పుస్తకంలోంచి తలెత్తింది. "నువ్వే దగ్గరుండి చెరిపించావుగా."

"చివర్లో ఏముందో నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పనిచ్చావా అమ్మా?" అంది పిల్ల. అరవలేదు. అరిచినా బాగుండేది. తల్లి మొహం చూసి కాసేపటికి లేచి వచ్చి పక్కన నిలబడింది కానీ, మీద చెయ్యి వేయలేదు.

ఆపరేటరమ్మ ముందుగదిలోకి వెళ్ళి, అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి అక్కడ అలా కూర్చున్నది లేదు. ముసలామె కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"అత్తయ్యా, నేను వినలేదు."

"ఏది?"

"బళ్ళో మీరు చెప్పింది. సగమే విని పెట్టేశాను."

"విన్నానన్నావు కదే," అంది ముసలామె. "విని కూడా ఏమీ అనలేదే అనుకున్నాను. దీనికి నామీద ఆపాటి ప్రేమ కూడా లేకుండా పోయిందా అనుకున్నాను. పోనీలే, నా మాటకి విలువేముంది అని సరిపెట్టుకున్నాను."

"ఇంకొక్కసారి చెప్పండి అత్తయ్యా. నాకు చెప్పండి."

"పోవే. మొహం మీద చెప్పలేకే కదా ఆ డబ్బాలో చెప్పాను!" ముసలామె మొహం తిప్పుకుంది. "ఎన్నాళ్ళో కూడగట్టుకున్న మాటలు. ఒకసారే వచ్చాయి. మళ్ళీ రమ్మంటే వస్తాయా?"

ఎంత పెద్ద ఏడుపునైనా ఒక్క మాటతో ఊరుకోబెట్టే ఆపరేటరమ్మకి తనకోసం ఒక్క మాట దొరకలేదు. కళ్ళు తుడుచుకుని, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"నిద్రలో నేను ఇంకా ఏమేం అంటాను అత్తయ్యా?"

ముసలామె ఆలోచించింది. గుమ్మంలో నిలబడ్డ మనవరాలిని ఒకసారి చూసి, వంగి, కోడలి తల మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో బరువే లేదు.

"ఏవేవో అంటావే. అందరినీ పేరు పేరునా పలకరిస్తావు. తిన్నారా అని అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతావు," అంది దెప్పిపొడుపేమీ లేని గొంతుతో. "అందరితోనూ ఎంత బాగా మాట్లాడతావో, అమ్మాయ్."

ఆపరేటరమ్మ అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా పైకే ఏడ్చింది.