తుడిచేసిన వాక్యం

ఢిల్లీలో, సాకేత్‌లోని ఆ గదికి శ్రుతి వచ్చి ఒక్క రాత్రే అయింది. పొద్దున తలుపు తీసింది. గడప దగ్గర మడిచిన కాగితం. అందులో ప్రింటు తీసిన ఒకే వాక్యం.

‘అమ్మా, నాకు భయంగా ఉంది.’

అది తన వాక్యమే! రాత్రి ల్యాప్‌టాప్‌లో టైప్ చేసింది. అమ్మ కంగారు పడుతుందని వెంటనే తుడిచేసింది. సేవ్ చెయ్యలేదు. ఎవరికీ పంపలేదు.

మరి ఎవడు చదివాడు?

గుర్గావ్‌లో రెండు గదులు మారింది. రెండుచోట్లకీ ఎవడో వచ్చి ఇలాంటి కాగితాలే పెట్టిపోయాడు. ఇక్కడికీ వచ్చాడంటే ఇంకెక్కడికి పోవాలి?

గంటలో ఆమె ప్రైవేట్ డిటెక్టివ్ సదాశివరావు ఎదుట కూర్చుంది. ఆయన రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్. తోడుగా కొలీగ్ రవికిరణ్ వచ్చాడు.

“అడ్రస్ ఎవరికి తెలుసమ్మా?”

“నా ఫ్రెండ్ కృష్ణకుమారికి సార్. సామాన్లు తనే సర్దింది. ఆఫీస్ క్యాబ్ కోసం మెయిల్ కూడా రాశాను.”

“ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ ఉందా?”

రవికిరణ్ నవ్వాడు. “అది విండోస్ కాదు, లినక్స్ అంకుల్. నేనే వేసిచ్చా. లినక్స్‌కి వైరస్ ఏంటి? ఛాన్సే లేదు.”

ఆ ధీమాకి సదాశివరావుకి ఒళ్లు మండింది. “అయితే చదువుతోంది నువ్వేనేమో!”

రవికిరణ్ నవ్వు ఆగిపోయింది.

“లినక్స్ వేశాక కొత్తగా ఏం ఎక్కించావమ్మా?”

“తెలుగు కీబోర్డ్ ఒక్కటే సార్, ఫాంట్‌తో సహా. తెలుగు గ్రూప్ పేరుతో మెయిల్‌లో వచ్చింది. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.”

“పాస్‌వర్డ్ అడిగిందా?”

“అడిగింది. ఇచ్చాను.”

ఆమె ఫోన్ మోగింది. గుర్గావ్ తెలుగు గ్రూప్ నడిపే దశరథ్.

“శ్రుతీ, గొంతు అదోలా ఉందేంటి? భయపడకు. నేనున్నాగా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. “చాలా మంచాయన సార్. ఎవరికి ఏ సాయం కావాలన్నా ఆయనే.”

సదాశివరావు ల్యాప్‌టాప్ ఆమె వైపు తోశారు. “నేను చెప్పింది టైప్ చెయ్యి. పంపకు. తుడిచెయ్యి.”

ఆమె టైప్ చేసింది. ‘అమ్మా, ఉద్యోగం మానేస్తున్నా. నాలుగింటికి ధౌలా కువాన్ బస్‌స్టాప్‌లో ఒంటరిగా ఉంటా.’

మూడున్నరకే శ్రుతి స్టాప్‌లో నిలబడింది. టీ బండి వెనక సదాశివరావు, మఫ్టీలో ఇద్దరు పోలీసులు. రవికిరణ్‌నీ, కృష్ణకుమారినీ ఆయన తన పక్కనే ఉంచుకున్నారు. బస్సు ఆగినప్పుడల్లా శ్రుతి దిగేవాళ్ల ముఖాలు వెతికింది.

నాలుగవుతుండగా ఆటో దిగాడు దశరథ్.

“అరే, శ్రుతీ! నువ్విక్కడ?” ఆమె సూట్‌కేస్ పట్టుకోబోయాడు.

సదాశివరావు ఆ చెయ్యి పట్టుకున్నారు. “ఎవరికీ పంపని మాట నీకెలా చేరింది?”

“ఏ మాట? నేను ఏదో పనిమీద...”

పోలీసు అతని సంచీ తెరిచాడు. పైనే మడిచిన కాగితం. ‘అమ్మా, ఉద్యోగం మానేస్తున్నా.’



“మెయిల్ దొంగిలిస్తే పంపినవే దొరుకుతాయి,” శ్రుతితో అన్నారు సదాశివరావు. “తుడిచేసింది కూడా దొరికిందంటే, నొక్కే ప్రతి అక్షరాన్నీ ఏదో మోసుకెళ్తోంది. నీ తెలుగు కీబోర్డ్‌లో దాన్ని దూర్చింది ఇతనే.”

“కానీ లినక్స్...” అన్నాడు రవికిరణ్.

“తాళం గట్టిదేనయ్యా. పాస్‌వర్డ్ ఇచ్చి తలుపు తీసింది శ్రుతి. యాంటీవైరస్ దీన్ని పట్టేదో లేదో నాకూ తెలీదు. నువ్వు ఛాన్సే లేదన్నావు కాబట్టి ఎవరూ వెతకలేదు.”

రవికిరణ్ తల దించుకున్నాడు.

ఆయన దశరథ్ వైపు తిరిగారు. “ఈ కీబోర్డ్ ఇంకెవరెవరికి ఇచ్చావ్?”

కృష్ణకుమారి రెండడుగులు ముందుకొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“సార్, ఈయన నాకూ ఇచ్చాడు. ఏడాదిగా దాంతోనే రాస్తున్నా.”