పెద్దోళ్ల ఇండ్లలో మగ్గం చప్పుడు

మనవాళ్లు ఈ సీమకొచ్చి మొట్టమొదట దిగిన ఇండ్లు యాడ ఉండాయో ఎవరన్నా చెప్తారా? తెలియదా? సరే, దగ్గరికి జరగండి.

గుడియాత్తం బయట, ఏటిగట్టున మూడు మట్టిండ్లు. పెద్దోళ్ల ఇండ్లు అంటారు. ఆంధ్ర వేరుపడి, చిత్తూరు అటు పోయి, మనం ఇటు అరవదేశంలోనే నిలిచిపోయిన ఏడాది, మన కులపెద్దలు కూర్చొని ఒక మాట అనుకున్నారు — మనం నిన్నా మొన్నా వచ్చినోళ్లం కాదని నలుగురికీ చూపించాలంటే ఆ ఇండ్లు అట్లనే ఉండాలి అని. గోడలు అలికించినారు. లోపలుండే గుంత మగ్గాన్ని, అంటే నేలలో గుంత తవ్వి కాళ్లు అందులో పెట్టి నేసేదాన్ని, ఇంక ఎవరూ ముట్టకూడదన్నారు.

అప్పట్నించే మొదలైంది. రాత్రయితే చాలు... దీపం లేని ఇంట్లో మగ్గం ఆడేది. టక్... టక్... చీకట్లో నేసేది మనిషి కాదు గదా! జనం ఆ దారే మానుకున్నారు.

మన వీధి పంకజానికి మాత్రం ఒక రాత్రి వేరే దారి లేకపోయింది. మొగుడు పేర్ణాంబట్టులో తోళ్ల పనికి పోయినాడు. ఒళ్లో బిడ్డ జ్వరంతో కాలిపోతున్నాడు. ఆసుపత్రి ఏటికి అవతల.

“తెల్లారనీ పంకజం,” పక్కింటి సెల్లమ్మ చెయ్యి పట్టుకునింది. “పెద్దోళ్ల ఇండ్ల ముందర ఈ పొద్దులో పోతావా? పిచ్చా నీకు?”

“తెల్లారేదాకా వీడు ఉంటాడా అక్కా?”

పోయింది. గట్టెక్కేసరికి గాలికి లాంతరు ఆరిపోయింది. ముందర ఏరు హోరుమంటా ఉండాది — యాడ లోతో, యాడ రేవో తెలియదు. ఉన్నట్టుండి బిడ్డ ఒళ్లు బిగుసుకుపోయింది... కండ్లు తేలేసినాడు.

వెనకనించి — టక్... టక్...

దెయ్యమైనా సరే అనుకునింది. ఉరికిపోయి తలుపు తోసింది.

“ఎవురైనా కానీ... నా బిడ్డని ఏరు దాటించండి... మీ కాళ్లు మొక్కుతా!”

చప్పుడు నిలిచిపోయింది. గుంతలోనించి ఏదో పైకి లేచింది. చల్లటి చెయ్యి ఒకటి ఆమె భుజం తడిమింది...

“పంకజమేనా అమ్మా? నా పైపంచె కొస గట్టిగా పట్టుకో.”

పొన్నుస్వామి! చిన్నప్పుడే అమ్మవారు పోసి కండ్లు పోయినోడు. పెద్దలు ఆపించేదాకా ఆ మగ్గం మీదే నేసుకొని బతికినోడు. దీపంతో ఆయనకేం పని? నూలు ఉతికే రేవు ఆయన కాళ్లకు తెలుసు. అడుగు తడుముకుంటా, నడుముల్లోతు నీళ్లలో ఆమెను అవతలికి చేర్చినాడు.

ఆసుపత్రి వాకిట్లో గుసగుసగా అన్నాడు — “ఎవురికీ చెప్పొద్దు తల్లీ. రాత్రిపూట ఆ మగ్గం ఉండబట్టే ఇంత కూడు తింటా ఉండాను. తెలిస్తే అదీ పోతుంది.”

తెల్లారేసరికి జ్వరం దిగింది. బిడ్డని ఎత్తుకొని వస్తా ఉంటే వీధి వీధంతా చుట్టుకునింది. “చూసినావా? నిజంగా ఉండాదా?”

పంకజం బిడ్డ తలమీద కొంగు కప్పింది.

“ఉండాది. కండ్లు లేవు దానికి... మీరెవురూ ఆ పక్క పోవాకండి.”

ఇంక పడుకోండి. బియ్యం సగం చెరిగి చాటలోనే పెట్టొచ్చినాను, పోయి ఆ మిగతాది చూస్తాను.