పద్నాలుగో నంబరు పిల్ల

శుక్రవారం పొద్దున్నే హాస్టలు వంటింట్లో అమలమ్మ గోధుమరవ్వ ఉప్మా కలుపుతూ ఉండగా పోస్టుమాన్ సైకిలు గంట వినిపించింది. వరండాలో పిల్లల చేత ప్రార్థన చెప్పిస్తున్న ఆమె భర్త మరియదాసు ఆమెన్ అనకుండానే గేటు దగ్గరకు పరుగెత్తాడు. ఆ ఏడాదంతా ఆయన వరస అదే. ఎమర్జెన్సీ రోజులు. బయటి దేశాల సాయంతో నడిచే సంస్థల మీద కొత్త చట్టం వచ్చిందని పేపర్లో చదివినప్పటి నుంచీ, ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. పోస్టుమానుదీ ఖాకీయే కదా!

ఉత్తరం హాలెండు నుంచి. గుణదలలోని ఆ చిన్న హాస్టల్లో ఇరవైమంది ఆడపిల్లల తిండీ బట్టా చదువూ అక్కడి సంఘమే చూస్తుంది. ఒక్కో పిల్లకు అక్కడ ఒక్కో దొరసాని. ఏటా క్రిస్మస్ ముందు ప్రతి పిల్లా తన నంబరు రాసిన పలక పట్టుకుని ఫొటో దిగాలి, తన దొరసానికి ఉత్తరం రాయాలి. మరియదాసు ఆ హాస్టలుకు వార్డెను.

"ఏం రాశారండీ?" గరిటె చేత్తోనే వచ్చి అడిగింది అమలమ్మ.

"హిల్డా దొరసాని వస్తోందట. సోమవారం. రాగానే తన రూతును చూడాలట."

అమలమ్మ గుమ్మానికి చేరగిలబడింది. రూతు ఆ హాస్టల్లో లేక రెండేళ్లు దాటింది.

మైలవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన తల్లిలేని పిల్ల రూతు. ఎప్పుడూ ఒక చెవిలోంచి చీము కారేది. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. పెళ్లి చేసేసి ఉంటారులే అనుకున్నాడు మరియదాసు. ఆ సంగతి హాలెండుకు రాయాలి. కానీ అంతకు ముందే ఇద్దరు మానేశారు. మరొక్కరు తగ్గినా సాయం ఆపేస్తామని అక్కడివాళ్లు హెచ్చరించారు. ఆగితే మిగతా పిల్లలంతా మళ్లీ మిరపచేల కూలికే. "ఈ ఒక్కసారికేనమ్మా" అని బతిమాలి, తన కూతురు ఫిలోమి చేత రూతు పేరున ఉత్తరం రాయించాడు. ఒక్కసారి అని మొదలుపెట్టిన తప్పు ఎక్కడ ఆగింది గనక! మరుసటి ఏడు రూతుదైన పద్నాలుగో నంబరు పలక పట్టుకుని ఫొటో కూడా ఫిలోమే దిగింది.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"నీ పేరు?"

"రూతండి."

"మీ నాన్న?"

"పుల్లయ్యండి."

"చెవి ఎట్లా ఉంది?"

ఫిలోమి తల వంచుకుంది.

"చెప్పవే! ఆవిడ మొదట అడిగేది అదే. ప్రతి ఉత్తరంలోనూ అడుగుతోందా లేదా?"

"నేను చెప్పను నాన్నా."

"చెప్పకపోతే పోలీసులొస్తారు! నన్ను జైల్లో వేస్తారు. ఈ పిల్లలంతా రోడ్డున పడతారు. పద్నాలుగేళ్లొచ్చాయి, బుద్ధుందా నీకు?"

"దాని మీద అరుస్తారేంటండీ?" అమలమ్మ మధ్యలోకి వచ్చింది. "రాయించింది మీరు. తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేసింది నేను. మన భయానికి పిల్లని ముందు నిలబెడతారా?"

ఫిలోమి లోపలికి వెళ్లి తన రేకు పెట్టె తెచ్చింది. అందులోంచి రెండు చిన్న సీసాలు తీసి తండ్రి ముందు పెట్టింది. మూత తీయని సీసాలు.

"రూతు చెవికని ఆవిడ పంపిన మందు నాన్నా. రెండేళ్లూ 'తగ్గిందండి' అనే రాశాను. తగ్గిందో లేదో మనలో ఒక్కరమన్నా వెళ్లి చూశామా?"

మరియదాసు ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఏడు సముద్రాల అవతల ఉన్న మనిషి ఆ పిల్ల చెవి గురించి ఏటా అడుగుతోంది. గంటన్నర బస్సు దూరంలో ఉన్న తను ఒక్కసారీ అడగలేదు. అసలు బతికుందా? అన్నాళ్లూ పోలీసులకు పడిన భయం ఆ ప్రశ్న ముందు ఏపాటిది?

మర్నాడు తండ్రీ కూతుళ్లు మైలవరం బస్సెక్కారు.

పల్లెలో వాకిట్లో కూర్చుని, ఇటు వీపు పెట్టి, మిరపకాయలకు తొడిమలు తీస్తోంది ఒక పిల్ల. మెడ మీద పసుపుతాడు కనిపించలేదు.

"రూతూ!" అన్నాడు మరియదాసు. తిరగలేదు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గట్టిగా అరిచాడు. ఆ పిల్ల తన మానాన తొడిమలు తీస్తూనే ఉంది.

ఇంట్లోంచి పుల్లయ్య వచ్చి తుండుగుడ్డ భుజం మీంచి దించాడు. "ఒక చెవి పూర్తిగా పోయిందయ్యా. రెండోది దగ్గరకొచ్చి చెబితేనే వినపడుద్ది. సెలవులయ్యే రోజుల్లో చెవిపోటుతో జొరం వచ్చింది. తగ్గినాక మీరే కబురెడతారని చూశాం. బట్టలు మూట కట్టుకుని నెల్లాళ్లు గుమ్మంలో కూచుందయ్యా."

మరియదాసు ఆ వాకిట్లోనే కూలబడి, కూతురు చూస్తోందని కూడా లేకుండా ఏడ్చాడు. "తగ్గిందని రాశామయ్యా," అన్నాడు. పుల్లయ్యకు అర్థం కాలేదు.

రూతు మాత్రం ఇటు తిరిగి ఆయన్ని చూడగానే చేతులు కడుక్కుని లోపలికి పరుగెత్తింది. మూట తెచ్చుకోవడానికి.

తిరుగు బస్సులో పిల్లలిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. మరియదాసు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"సోమవారం నువ్వేమీ మాట్లాడక్కర్లేదు ఫిలోమీ. ఆవిడకి జరిగిందంతా నేనే చెబుతాను."

"భయంగా లేదా నాన్నా?"

"చాలా భయంగా ఉందమ్మా."

ఫిలోమి చెయ్యి చాచి తండ్రి భుజం మీద వేసింది. ముందురోజు సాయంత్రం నుంచీ మొహం చూపించని పిల్ల ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు.

"ఏమంటన్నారక్కా అయ్యగారు?" అంది రూతు. "ఇటు కూచో. ఈ చెవి వినపడుద్ది."

ఫిలోమి లేచి అటువైపుకు మారింది. మొదటి ఉత్తరం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.