పందొమ్మిదో నంబర్‌లో ఆడగొంతు

గల్ఫ్‌లో రాస్ లఫాన్ దారిలో ఉన్న ఆ కూలీల క్యాంప్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఎదురుపడితే పందొమ్మిదో నంబర్ క్యాబిన్ గురించి అడిగి చూడండి. ముందు అటూ ఇటూ చూస్తారు. తర్వాత గొంతు తగ్గిస్తారు.

వరుసలన్నీ అయిపోయాక, జనరేటర్ షెడ్డుకు అవతల, ఇసుకలో ఒక్కటే ఉండేది ఆ క్యాబిన్. రెండేళ్ళ కిందట అందులో పడుకున్న మేస్త్రీ ఒకడు పొద్దున లేవలేదు. పెట్టెలో పెట్టి ఊరికి పంపారు. పెట్టె పోయింది గానీ మేస్త్రీ పోలేదని క్యాంప్‌లో మాట. ఆ గదిలో ఎవరిని వేసినా రెండో రోజుకే పరుపు చుట్టుకుని వచ్చేసేవారు. కంపెనీ విసిగి తాళం వేసింది, కిటికీకి అట్ట అడ్డం పెట్టింది. హైదరాబాద్ వంటవాడు ఫరీదుద్దీన్ అయితే ఈ మధ్య మరీ పట్టుబట్టి చెప్పేవాడు — "ఉధర్ నక్కో జావో భాయ్, అటు పోకు. రాత్రి లోపల ఎవరో తిరుగుతున్నరు."

ఆ మాట విని జనరేటర్ దగ్గర నైట్ డ్యూటీ చేసేవాడు ఇక చేయనని మొరాయించాడు. ఆ డ్యూటీ జలంధర్ నెత్తిన పడింది. మెట్‌పల్లి వైపు మనిషి. దెయ్యాలంటే తనకు లెక్కలేదని చెప్పుకునేవాడు... పదే పదే చెప్పుకునేవాడికి ఎంత భయముంటుందో మీకు తెలియంది కాదు.

అది తొంభై నాలుగు, అక్టోబరు నెల. సూరత్‌లో ప్లేగు అన్న వార్త వచ్చిందో లేదో, గల్ఫ్ అంతా ఇండియాకు తలుపులు మూసింది. విమానాలు బంద్. ఉత్తరాలు బంద్. శుక్రవారం నజ్మా బజారుకు పోయే క్యాంప్ బస్సులో ఇండియావాళ్ళను ఎక్కించడం మానేశారు. నిన్నటిదాకా ఒక బీడీ ఇద్దరు తాగినవాళ్ళు మంచాల మధ్య దుప్పటి కట్టుకున్నారు. పొరపాటున ఎవడైనా తుమ్మితే మెస్‌లో బల్ల ఖాళీ అయ్యేది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

జలంధర్ బాధ వేరు. ఆఖరి ఉత్తరంలో భార్య పుష్ప రాయించింది — అవ్వకు దమ్ము, ఆయాసం ఎక్కువైంది, దవాఖానలో వేసినం, మళ్ళీ రాయిస్తా అని. ఆ మళ్ళీ రాలేదు. మూడు వారాలు దాటింది. ఊళ్ళో ఫోన్ లేదు. మెట్‌పల్లిలో తెలిసిన దుకాణానికి చేద్దామంటే క్యాంప్ గేటు దాటనివ్వరు. తల్లి ఉందో లేదో తెలియని మనిషికి ముద్ద ఎలా దిగుతుంది?

రాత్రి రెండింటికి ఒక జనరేటర్ ఆపి రెండోది ఎక్కించాలి. మధ్యలో ఐదు నిమిషాలు క్యాంప్ అంతా చీకటి. ఏసీలు ఆగిపోతాయి. ఎడారి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

నైట్ డ్యూటీలో అదే అతనికి మొదటి రాత్రి. మొదటి జనరేటర్ ఆపాడు. మోత తగ్గి, తగ్గి... ఆగింది.

అప్పుడు వినపడింది.

ఆడగొంతు.

నాలుగు వందల మంది మగవాళ్ళున్న క్యాంప్‌లో, ఆడమనిషి నీడ కూడా పడని చోట — ఆడగొంతు! సన్నగా, సాగి సాగి, బావిలోంచి వచ్చినట్టు...

"జలందరూ... తిన్నవా... బిడ్డా..."

ఆ గొంతు ఎవరిదో ఒకరు చెప్పాలా? రాములవ్వది. అతని తల్లిది. వస్తున్నది పందొమ్మిదో నంబర్ వైపు నుంచే.

రెండో ఇంజన్ ఎలా ఎక్కించాడో అతనికే తెలియదు. మోత లేచి ఆ గొంతును మింగేసింది. తెల్లవారేదాకా షెడ్డు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎంత ఆలోచించినా ఒక్కటే తేలింది. విమానం రాదు, ఉత్తరం రాదు. ఇండియా నుంచి ఇప్పుడు సముద్రం దాటి రాగలిగేది చచ్చిపోయినవాళ్ళే. అవ్వ పోయింది. కొడుకును చూడాలని ప్రాణం కొట్టుకుని, వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది.

పొద్దున్నే తలమీంచి నీళ్ళు పోసుకున్నాడు. మెస్‌కు పోలేదు. మా అవ్వ పోయిందని గదిలో చెబితే, ఫోన్ లేక, చిట్టీ లేక వీడికెలా తెలిసిందని మొహాలు చూసుకున్నారు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ ముట్టుకునేవారు కాదు. తల్లి కోసం ఏడ్చే ఏడుపు దుప్పటి కింద ఒక్కడే ఏడ్చాడు.

రెండో రాత్రి మళ్ళీ అదే పిలుపు. ఇంకా సాగి, ఇంకా బరువుగా...

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోతారు. ముట్టలేదంటే మనసులో ఏదో కొదవ ఉందని లెక్క. ఆ ఇసుకలో, ఆ రాత్రివేళ పిట్ట ఎక్కడిది? అయినా కొడుకై పుట్టాక తప్పుతుందా! ఫరీదుద్దీన్‌ను బతిమాలి కంచం నిండా అన్నం, కోడికూర పెట్టించుకున్నాడు. గ్లాసులో చాయ్ కూడా. రాములవ్వకు చాయ్ అంటే ప్రాణం.

"ఎక్కడ పెడతవ్?" అన్నాడు ఫరీదుద్దీన్.

"పందొమ్మిది కాడ."

ఫరీదుద్దీన్ కంచం వదలలేదు. "అటు పోకు భాయ్. నా మాట విను..."

జలంధర్ వినలేదు.

రెండింటికి జనరేటర్ ఆపాడు. చీకటి. చెప్పులు విడిచి, ఇసుకలో నడిచి, కిటికీ కింద బోర్లించి ఉన్న డ్రమ్ము మీద కంచం పెట్టాడు. ఇరవై అడుగులు వెనక్కి వచ్చి దండం పెట్టి నిలబడ్డాడు.

"అవ్వా... నువ్వు సావంగ రాలేకపోయిన. తప్పైంది. తిని పోయే..."

ఏమీ లేదు. గాలి కూడా లేదు.

అప్పుడు — కిటికీ అట్ట కదిలింది.

నెమ్మదిగా పక్కకు జరిగింది. లోపలి చీకట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎముక, చర్మం తప్ప ఇంకేమీ లేని చెయ్యి. డ్రమ్ము మీద తడిమింది... కంచం అందుకుంది... లోపలికి లాక్కుంది.

జలంధర్ అరుద్దామని నోరు తెరిచాడు.

లోపల కిర్రుమని చప్పుడు. వెంటనే — "జలందరూ... తిన్నవా... బిడ్డా..."

దానికి జవాబుగా, నోటి నిండా అన్నంతో ఒక మగగొంతు —

"తింటున్ననే అవ్వా... ఇయ్యాల కోడికూర."

దెయ్యం సంగతి దేవుడెరుగు, తన తల్లికి ఇంకెవడో కొడుకులా జవాబు చెబుతుంటే ఎవడు ఊరుకుంటాడు? భయం ఎటు పోయిందో, కోపం తన్నుకొచ్చింది.

"ఎవడ్రా నువ్వు? మా అవ్వతోని మాట్లాడుతున్నవ్!"

లోపల చప్పుడు ఆగింది. కిటికీలోంచి గుసగుసగా —

"జలంధరన్నవా? ఒర్రకన్నా, మెల్లగ... నీ కాళ్ళు మొక్కుత. బయటపడితె నా వీసా క్యాన్సల్ జేస్తరు."

కిటికీలో ఒక మొహం. గడ్డం పెరిగి, కళ్ళు లోతుకు పోయి... మనిషే.

పేరు రాజన్న. జలంధర్ పక్క ఊరివాడు, సెలవు ముగించుకుని బొంబాయి నుంచి ఆఖరి ఫ్లైట్‌లో దిగాడు. రోగం లేదని డాక్టరు చెప్పాడు. అయినా, సంగతి తెలిస్తే నాలుగు వందల మందీ పని మాని గేటు దగ్గర కూర్చుంటారని మేనేజర్ అతన్ని రాత్రికి రాత్రే తెచ్చి ఇందులో వేసి తాళం పెట్టించాడు. దీపం వద్దు, మాట వద్దు. రోజూ అందరూ డ్యూటీలో ఉండగా ఫరీదుద్దీన్ రొట్టెలు పెట్టి పోతాడు. ఎవరూ ఇటు రాకుండా దెయ్యం కథ ఊదేదీ అతనే.

"సామానంత కాలవెట్టిండ్రన్నా," అన్నాడు రాజన్న. "ఈ టేప్‌రికార్డర్ ఒక్కటి ఇడిసిండ్రు. నీ కేసెట్ బనీన్ల దాచిన. మీ అవ్వ తన మాటలు నింపిచ్చి ఇచ్చింది. దవాఖాన్ల నుంచి ఇంటికొచ్చింది, మంచిగ నడుస్తున్నది. సెల్లులు అయిపోతుంటె ఎండకు వెట్టి నడుపుతున్న, గందుకే గొంతు అట్ల సాగుతున్నది."

అవ్వ ఉంది!

జలంధర్ ఇసుకలో కూలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో, రెండూ కలిసే వచ్చాయి.

"నీ కేసెట్ నేను ఇనొద్దు. తప్పే. కని ఇరవై దినాలాయె, నాతోని మాట్లాడిన మనిషి లేడన్నా. ఈమె ఒక్కతే తిన్నవా అని అడుగుతది. ఒక దిక్కే ఇన్న. రెండో దిక్కు నువ్వు ఒక్కనివే ఇనాలని జెప్పింది, అది ముట్టలే. ఇంద."

కేసెట్ పట్టుకున్న చెయ్యి కిటికీలోంచి బయటికి చాచాడు.

జలంధర్ లేచాడు. రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు.

బొంబాయి... ఆఖరి ఫ్లైట్... ప్లేగు...

దెయ్యమనుకున్నప్పుడు దగ్గరికి వెళ్ళి అన్నం పెట్టి వచ్చినవాడు, మనిషని తెలిశాక అడుగు వేయలేకపోయాడు. చెయ్యి పైకి లేవలేదు.

రాజన్న చూశాడు. చాచిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

"ఆడనే ఉండన్నా. నేనే ఇనిపిస్త." కేసెట్ తిప్పి వేశాడు.

క్యాంప్ వైపు నుంచి కేకలు మొదలయ్యాయి. ఉక్కకు లేచి, కరెంటు లేదు, తొందరగా వెయ్యమని వచ్చీరాని అరబ్బీలో అరుస్తున్నారు. "జలంధర్! కరెంట్ మాఫీ! యల్లా!"

అతను కదలలేదు.

కిర్రుమంది. గొంతు వచ్చింది. ఆగి, ఆగి...

"బిడ్డా... గిది నీ ఒక్కనికే జెప్తున్న... ఆ పిలగాడు ఇంటె సిగ్గువడ్తడు... గీ కేసెట్ తెచ్చిన రాజన్నకు తల్లి లేదు... ఎదురుజూసేటోళ్ళు ఎవ్వలు లేరు... వాన్ని ఒక్కన్ని ఉండనియ్యకు బిడ్డా... నీ కంచంలకెల్లి... ఇంత... వెట్టు..."

సెల్లులు అయిపోయాయి. గొంతు సాగి సాగి నిలిచిపోయింది.

రాజన్న తల ఎత్తలేదు. కంచంలో ఇంకా సగం అన్నం ఉంది.

జలంధర్ నడిచి వచ్చాడు. డ్రమ్ము మీద కూర్చుని, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు.

"కంచం ఇటు జరుపు రాజన్నా. మూడొద్దులాయె నేను తినక."