మూడో బెడ్‌లో బిగపట్టిన ఊపిరి

పెద్ద దెబ్బలు తగిలినవాళ్ల వార్డులో అందరూ ఆమెను ఎకో అక్క అంటారు. గుండె చుట్టూ రక్తం చేరుతోందేమోనని రెండు గంటలకోసారి ఛాతీకి జెల్ రాసి, స్కానింగ్ ప్రోబ్ ఆనించి, తెర మీద గుండెను చూడటం ఆమె పని. బొమ్మ స్పష్టంగా రావడానికి "ఊపిరి బిగపట్టండి" అంటుంది. చూశాక "వదలండి" అంటుంది. రోజుకు నలభైసార్లు ఇదే పాట. ఇంట్లో టీ వడగడుతూ కూడా అనేస్తుందని తమ్ముడు వెక్కిరిస్తాడు.

నిన్న ఒక్కసారి రెండో మాట అనలేదు. మూడో బెడ్ మీద లారీ డ్రైవరు, స్టీరింగు ఛాతీకి గుద్దుకున్న మనిషి. బిగపట్టమంది. అంతలో పక్క బెడ్ దగ్గర కేకలు వినపడితే పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అతను పోయాడు. ఒళ్లు తుడిచిన ఆయా గొంతు తగ్గించి, "అమ్మా, ఈయన ఛాతీ దిగలేదు చూశావా?" అంది.

చూసింది. చూడనట్టు ఊరుకుంది.

ఇవాళ మధ్యాహ్నం ఆ బెడ్ మీదికే తమ్ముణ్ణి తెచ్చారు. బైకు జారి రెయిలింగుకు కొట్టుకున్నాడు. ఇంకో చోటికి మార్చమని అడిగింది. వేరే బెడ్ ఖాళీ లేదు.

"నీ చేతికే చిక్కానక్కా," అని నవ్వబోయాడు.

తెర మీద గుండె చక్కగా కొట్టుకుంటోంది. చుట్టూ సన్నటి నల్లచార. కాస్త రక్తమే, కనిపెట్టుకుని ఉంటే బతుకుతాడు. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మామూలుగా పీల్చరా. బిగపట్టకు."

"బిగపట్టమంటున్నది నువ్వేగా..."

"నేనా?"

"నీ గొంతే... నీ వెనకనుంచి."

డీజిల్ వాసన వచ్చింది.

తమ్ముడి ఛాతీ పైకి లేచింది. లేచి... ఆగిపోయింది. కళ్లు ఆమె భుజం మీదుగా ఎవరినో చూస్తున్నాయి, మాట కోసం కాచుకున్నట్టు. వదలమని అరవబోయింది. గొంతు పెగల్లేదు. ఆమె ఊపిరీ బిగిసిపోయింది. తెర మీద గుండె నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఆగింది.

డాక్టరు అరగంట పెనుగులాడి చేతులెత్తేశాడు. కర్టెన్ లాగి అక్కాతమ్ముళ్లను వదిలి వెళ్లారు. అప్పుడొచ్చింది ఆమెకు మాట. అతని చెవి దగ్గర వంగి ఏడుస్తూ, "వదలరా నాన్నా... ఇంక వదిలెయ్," అంది.

ఎవరో వదిలారు. నిన్నటినుంచీ ఆపుకున్నంత పొడుగు ఊపిరి. వెచ్చగా, డీజిల్ వాసనతో, వెనకనుంచి ఆమె మెడకు తగిలింది.

తమ్ముడి ఛాతీ మాత్రం దిగలేదు.